అమ్మానాన్నల మతంలోనే ఉండాలా? క్రైస్తవ ఇంటి పిల్లలు తేల్చుకునే పద్ధతి

క్రైస్తవ ఇంట్లో పుట్టిన పిల్లలకు ఈ ప్రశ్న ఊరికే రాదు. కన్ఫర్మేషన్ (పసితనంలో బాప్తిస్మం పొందినవాళ్లు పెద్దయ్యాక ఆ విశ్వాసాన్ని సొంతంగా ఒప్పుకునే క్రమం) తరగతికి పేరు ఇమ్మని పాస్టర్‌గారు అడిగినప్పుడో, చదువుకో ఉద్యోగానికో ఊరు దాటాక ఆదివారం పొద్దున లేపేవాళ్లు లేనప్పుడో, సంబంధం మాట్లాడటానికి వచ్చినవాళ్లు "అబ్బాయి రక్షణ పొందాడా?", అంటే క్రీస్తును తనంతట తాను నమ్మాడా, అని అడిగినప్పుడో వస్తుంది. ఆ సందర్భాల్లో ఎదుటివాళ్లకు జవాబు వెంటనే కావాలి. ఇంట్లో గొడవ ఎందుకని చాలామంది "ఊఁ" అనేస్తారు. కొందరు ఇంటిమీద కోపంతో "నాకొద్దు" అనేస్తారు. రెండూ అమ్మానాన్నలకు చెప్పిన జవాబులే, దేవుడికి చెప్పినవి కావు.

బైబిలు ఈ విషయంలో మొహమాటపడదు. యూదా రాజుల్లో హిజ్కియా మంచివాడు, ఆయన కొడుకు మనష్షే విగ్రహాలు నిలబెట్టాడు, మనవడు ఆమోను అదే దారిలో పోయాడు, మునిమనవడు యోషీయా మళ్లీ దేవుణ్ని వెతికాడు. ఎనిమిదేళ్ల వయసులో రాజయిన యోషీయా తన పాలనలో ఎనిమిదో ఏట, అంటే పదహారేళ్లప్పుడు, దేవుణ్ని వెతకడం మొదలుపెట్టాడని 2 దినవృత్తాంతములు 34:3 చెబుతుంది. తండ్రి, కొడుకు, మనవడు ఎవరి లెక్క వాళ్లే చెప్పుకోవాలని యెహెజ్కేలు 18వ అధ్యాయం మొత్తం వివరిస్తుంది. మరోవైపు తన శిష్యుడు తిమోతికి విశ్వాసం అమ్మమ్మ లోయి, తల్లి యునీకేల దగ్గర మొదలైందని అపొస్తలుడు పౌలు సంతోషంగా గుర్తు చేస్తాడు. కాబట్టి తల్లిదండ్రుల విశ్వాసం మీరు నమ్మడానికి సరిపోయే కారణం కాదు, వదిలేయడానికీ కారణం కాదు. ముందు దాన్ని చేతిలోకి తీసుకుని పరీక్షించాలి. ఆ పరీక్ష ఎలా చేయాలో కింద ఉంది. ప్రధానంగా 16 నుంచి 25 ఏళ్ల మధ్య ఉన్నవాళ్లను దృష్టిలో పెట్టుకుని రాసినది. హిందూ ఇంటి నుంచి క్రీస్తు దగ్గరికి వస్తున్నవాళ్ల కోసం తర్వాత వేరే భాగం ఉంది.

ముందు నోటుపుస్తకంలో మూడు భాగాలు

ఒక పేజీని మూడు భాగాలు చేయండి. మొదటి దాని పైన "విశ్వాసం", రెండో దాని పైన "మా సంఘం పద్ధతి", మూడో దాని పైన "మా ఇంటి ఆచారం" అని రాయండి. మతం పేరుతో మీ ఇంట్లో జరిగేవన్నీ, వద్దనేవన్నీ గుర్తొచ్చినవి గుర్తొచ్చినట్టు ఒక్కొక్కటీ ఏదో ఒక భాగంలో వేయండి. పాతిక ముప్పై వరకూ తేలతాయి.

యేసు సిలువ మీద చనిపోయి మూడో రోజు లేచాడన్నది మొదటి భాగం. ఒక్కడే దేవుడు, పాపక్షమాపణ, పొరుగువాణ్ని ప్రేమించడం కూడా అక్కడే. పసిపిల్లలకు బాప్తిస్మం ఇవ్వడమా, పెద్దయ్యాక నీళ్లలో ముంచి ఇవ్వడమా, ప్రభు భోజనం (రొట్టె, ద్రాక్షారసం తీసుకోవడం) ప్రతి ఆదివారమా నెలకొకసారా, ఆరాధనకు తెల్లబట్టలా, ఆడవాళ్లు ముసుగు వేసుకోవడమా, నగలు తీసేయడమా, ఇవన్నీ రెండో భాగం. సినిమా చూడకూడదు, క్రిస్మస్‌కు కొత్తబట్టలు తప్పనిసరి, మొదటి జీతం మొత్తం కానుకగా ఇవ్వాలి, ఫలానా సంఘం వాళ్లతో సంబంధం కలుపుకోకూడదు, ఇవి చాలా ఇళ్లలో మూడో భాగమే.

ఈ పని తేలిగ్గా తీసుకోకండి. విశ్వాసం వదిలేశామని చెప్పే యువతను నిదానంగా అడిగితే చాలామందిలో కోపమంతా మూడో భాగం మీద ఉంటుంది. నాన్న టీవీ పగలగొట్టాడని, జడలో పూలు తీసేయించారని, కులం చూసి సంబంధం కాదన్నారని. వాటికీ యేసు పునరుత్థానానికీ సంబంధం లేదు. కానీ చిన్నప్పటి నుంచి అన్నీ ఒకే గొంతుతో చెప్పడం వల్ల ఒకటి కూలితే అన్నీ కూలిపోయినట్టు అనిపిస్తుంది. ఇందుకు తప్పు పిల్లలది మాత్రమే అనడం న్యాయం కాదు.

కొన్ని ఏ భాగంలోనూ సరిగ్గా ఇమడవు. ప్రసాదం సంగతే చూడండి. తెలుగు క్రైస్తవ పిల్లలకు బడిలో వినాయకచవితి నాడు మొదలయ్యే ఇబ్బంది ఇది. ఇంట్లో "ముట్టుకోవద్దు" అని ఒక్కమాటలో తేల్చేస్తారు. పౌలు మాత్రం 1 కొరింథీయులకు 8 నుంచి 10 అధ్యాయాల దాకా దీని గురించే మాట్లాడాడు. విగ్రహం వట్టిదని మనకు తెలుసు అంటాడు. అంగట్లో అమ్మే మాంసం గురించి ఆరా తీయకుండా తినమంటాడు. అన్యుల ఇంటికి భోజనానికి వెళ్తే పెట్టింది తినమంటాడు. కానీ "ఇది బలి అర్పించినది" అని ఎవరైనా చెబితే మాత్రం, ఆ చెప్పినవాడి మనస్సాక్షి కోసం తినవద్దంటాడు. గుడి పూజలో పాలుపంచుకోవడం వేరే సంగతి, అది కూడదంటాడు. అంటే పూజలో భాగం పంచుకోకపోవడం మొదటి భాగం. పక్కింటి పిన్నిగారు సంక్రాంతికి పంపిన అరిసెలు తినడం, తినకపోవడం మీ మనస్సాక్షికి సంబంధించింది. ఇంట్లో ఈ రెండూ ఒకటే అని నేర్పి ఉంటే, ఆ మూడు అధ్యాయాలు ఒకేసారి కూర్చుని చదవండి. అప్పుడు మీరు తిన్నా తినకపోయినా ఎందుకో తెలిసి చేస్తారు. పిన్నిగారితో "వద్దండీ" అనాల్సి వచ్చినా ముఖం చిట్లించకుండా, చేతులు జోడించి అనగలుగుతారు.

89 రోజులు సొంతంగా చదవడం

సండే స్కూల్లో విన్న కథలు వేరు, గ్రంథం చదవడం వేరు. యోసేపు, దావీదు, దానియేలు ముక్కలు ముక్కలుగా తెలిసి, ఒక్క సువార్త కూడా మొదటి నుంచి చివరి దాకా చదవనివాళ్లు మన సంఘాల్లో చాలామంది. నమ్మాలో వద్దో తేల్చుకోవాల్సింది యేసు గురించి కాబట్టి అక్కడే మొదలుపెట్టండి. మార్కు 16 అధ్యాయాలు, లూకా 24, యోహాను 21, అపొస్తలుల కార్యములు 28. మొత్తం 89. రోజుకొకటి చొప్పున మూడు నెలల లోపే అయిపోతుంది. ఈ వరసలోనే చదవండి. మార్కు చిన్నది, పరుగున సాగుతుంది. అన్నీ తరచి తెలుసుకుని రాశానని లూకా మొదటి నాలుగు వచనాల్లోనే చెబుతాడు. కార్యములు చదివితే మొదటి తరం వాళ్లంతా తల్లిదండ్రుల మతం విషయంలో మీలాగే తేల్చుకోవాల్సి వచ్చిందని తెలుస్తుంది.

ఇంట్లో ఉండే పాత అనువాదం గ్రాంథికంలో ఉంటుంది. "చెప్పుచున్నాను", "గనుక" అంటూ సాగే వాక్యాలు చెవికి అలవాటే గానీ అర్థం జారిపోతుంది. పక్కన వాడుక భాష అనువాదం ఒకటి పెట్టుకోండి. ఇంగ్లీషు మీడియంలో చదివినవాళ్లకు ఇంగ్లీషులో తేలికైతే అందులోనే చదవండి, తెలుగులో చదివితేనే భక్తి అనేమీ లేదు.

ప్రతిరోజూ అధ్యాయం అయ్యాక రెండే రెండు వాక్యాలు రాయండి: ఇందులో యేసు తన గురించి తాను ఏమన్నాడు, ఇది నిజమైతే నా జీవితంలో ఏం మారాలి. అర్థం కానిచోట అంచున ప్రశ్నార్థకం పెట్టి ముందుకు పోండి. వారానికి ఒకసారి ఆ ప్రశ్నలు పట్టుకుని ఒక మనిషి దగ్గర కూర్చోండి. పాస్టర్‌గారే కానక్కర్లేదు. ప్రశ్న అడిగితే కంగారుపడని మనిషి కావాలి, అదే అర్హత. బెరయ అనే ఊళ్లో వాళ్లు పౌలు చెప్పింది నిజమా కాదా అని రోజూ లేఖనాలు వెతికి చూశారు, దానికి బైబిలు వాళ్లను మెచ్చుకుంది (అపొ. కార్యములు 17:11). "ప్రశ్నించడం సాతాను పని" అని ఎవరైనా అంటే ఈ వచనం చూపించండి, మర్యాదగానే.

ఎక్కడ తప్పుతుంది? ఇరవయ్యో రోజు దగ్గర చాలామంది ఆగిపోతారు. ఒకరోజు తప్పిందని మర్నాడు రెండు చదవబోయి, తర్వాత నాలుగు పేరుకుని, పుస్తకం మూసేస్తారు. తప్పిన రోజును వదిలేసి ఆగిన అధ్యాయం నుంచే మొదలుపెట్టండి. 89 కాస్తా 120 అయినా నష్టం లేదు. ఇంకో పొరపాటు, చదవడం బదులు వీడియోలు చూడటం. యూట్యూబ్‌లో వాదోపవాదాలు చూస్తే ఎవరు గట్టిగా మాట్లాడారో గుర్తుంటుంది, యేసు ఏమన్నాడో గుర్తుండదు. ఈ మూడు నెలలూ అటువైపు, ఇటువైపు కూడా వాటిని పక్కన పెట్టండి.

చదువుతూనే ప్రార్థన చేయాలా? నమ్మకం లేకుండా చేస్తే నటన అవుతుందేమోనని కొందరి భయం. "నమ్ముచున్నాను, నా అపనమ్మకానికి సాయం చెయ్యి" అని ఒక తండ్రి యేసుతో అన్నమాట మార్కు 9వ అధ్యాయంలో ఉంది. ఆయన కొడుకును యేసు బాగుచేశాడు. అంత మాత్రం నిజాయితీ చాలు.

మీ ఇంట్లో మొదట నమ్మింది ఎవరు?

ఈ ప్రశ్న అమ్మానాన్నలను అడగండి, అమ్మమ్మ తాతయ్యలు ఉంటే ముందు వాళ్లను అడగండి. "ఎందుకు నమ్మాలి" అని అడిగితే వాదన మొదలవుతుంది. "మీరు ఎప్పుడు, ఎలా నమ్మారు?" అని అడిగితే మనిషి మెత్తబడతాడు. నాన్న ఆదివారం భోజనమయ్యాక నింపాదిగా ఉన్నప్పుడు అడగండి. మధ్యలో సరిదిద్దకండి. చాలామంది తెలుగు ఇళ్లలో తండ్రి తన విశ్వాసం గురించి పిల్లలతో ఒక్కసారి కూడా మాట్లాడి ఉండడు. సంఘంలో సాక్ష్యం చెబుతాడు, ఇంట్లో చెప్పడు.

జాడ తీస్తే మీ ప్రాంతం చరిత్ర కూడా బయటపడుతుంది. గుంటూరు వైపు లూథరన్ కుటుంబాల కథ 1842లో మిషనరీ హేయర్ దొర రావడంతో మొదలవుతుంది. మెదక్ చుట్టుపక్కల వెస్లియన్ మెథడిస్టు మిషన్, డోర్నకల్ ప్రాంతంలో 1912లో బిషప్ అయిన వేదనాయకం శామ్యూల్ అజరయ్య, పాలమూరు వైపు మెన్నొనైట్ బ్రదరెన్. ఒంగోలు బాప్టిస్టులైతే 1878 జూలై 3 గురించి వినే ఉంటారు. ఆ ఒక్కరోజే గుండ్లకమ్మ ఒడ్డున 2,222 మందికి బాప్తిస్మం జరిగింది. ఈ సంఖ్య చెప్పుకునేవాళ్లు దాని ముందు జరిగింది తరచూ మర్చిపోతారు. 1876 నుంచి పెద్ద కరువు. అక్కడి బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంతభాగం కాంట్రాక్టు తీసుకుని జనానికి పని చూపించాడు. పని దొరికిన చోటే వేలమంది వాక్యం విన్నారు, బాప్తిస్మం ఇమ్మన్నారు. కూలికోసం, గింజలకోసం వచ్చారన్న మాట రాకూడదని కరువు సాయం నడిచినంతకాలం ఆయన బాప్తిస్మాలు ఆపేశాడు. సాయం ఆగిపోయాక కూడా వాళ్లు వచ్చారు.

ఇది తెలుసుకోవడం ఎందుకంటే, తెలుగు క్రైస్తవ కుటుంబం ప్రతిదానికీ మొదట్లో తల్లిదండ్రుల మతంలో కొనసాగని మనిషి ఒకరు ఉంటారు. ముత్తాతో, ముత్తవ్వో. ఊరు వెలివేస్తుందని తెలిసి కూడా విన్నది నిజమని తేల్చుకుని అడుగు ముందుకు వేసిన మనిషి. ఆ మనిషి విశ్వాసాన్ని "మా తాతల నుంచి వస్తోంది, అందుకే" అని కొనసాగిస్తే, మీరు ఆ మనిషి చేసినదానికి సరిగ్గా ఎదురు పని చేస్తున్నట్టు. ఆయన దారిలో నడవాలంటే ఆయన చేసినట్టే విని, చూసి, మీ అంతట మీరు తేల్చుకోవాలి. సమరయ ఊరివాళ్లు తమకు యేసు గురించి మొదట చెప్పిన స్త్రీతో అన్నది అదే: మొదట నీ మాట విని నమ్మాం, ఇప్పుడు మేమే విన్నాం (యోహాను 4:42).

జ్ఞాపకాలు అందకపోతే పాత సంఘంలో బాప్తిస్మ రిజిస్టరు చూపించమని అడగండి. పేరు, తండ్రి పేరు, ఊరు, తేదీ మామూలుగా ఉంటాయి. బీరువాలో చెదలు పట్టకముందే ఆ పేజీ ఫోటో తీసుకోవడం మంచిది.

తల్లిదండ్రులను సన్మానించడం: ఎంతవరకు?

ఐదో ఆజ్ఞ (కాథలిక్కులు, లూథరన్లు లెక్కించే వరసలో నాలుగోది) పిల్లలకు వయసు దాటిపోయే ఆజ్ఞ కాదు. యేసు నజరేతులో తల్లిదండ్రులకు లోబడి ఉన్నాడు. సిలువ మీద ఉండి కూడా తల్లిని శిష్యుడికి అప్పగించాడు. "కొర్బాను", అంటే దేవుడికి ఇచ్చేశాం, అనే వంకతో తల్లిదండ్రులకు పెట్టాల్సింది ఎగ్గొట్టేవాళ్లను మార్కు 7లో గట్టిగా మందలించాడు. అదే యేసు, తండ్రినైనా తల్లినైనా తనకంటే ఎక్కువగా ప్రేమించేవాడు తనకు తగడు అన్నాడు. ఈ రెండూ కలిపి పట్టుకుంటే గీత ఎక్కడ గీయాలో తెలుస్తుంది.

మీరింకా తేల్చుకోలేదనుకోండి, వాళ్ల ఇంట్లో ఉంటున్నారు. ఆదివారం వాళ్లతో చర్చికి వెళ్లండి, కుటుంబ ప్రార్థనలో కూర్చోండి, పాట పాడమంటే పాడండి. ఇవి వాళ్ల ఇంటి క్రమం, అందులో ఉండటం అబద్ధం కాదు. కానీ నమ్మకుండానే "రక్షణ పొందాను" అని సాక్ష్యం చెప్పమంటే చెప్పకండి. ప్రభు భోజనం తీసుకోవడానికి ప్రభు బల్ల దగ్గరికి రమ్మంటే, ఇంకా సిద్ధంగా లేనని చెప్పండి. ప్రతి మనిషీ తన్ను తాను పరీక్షించుకుని ఆ రొట్టె తినాలని 1 కొరింథీయులకు 11:28 చెబుతోంది, కాబట్టి ఆగడం వాక్యానికి లోబడటమే. అమ్మ కంగారుపడితే, "అమ్మా, అబద్ధంగా తీసుకోవడం నాకిష్టం లేదు. చదువుతున్నాను, తేలాక నీకే ముందు చెబుతాను" అనండి. ఈ మాటలో ఒప్పుదల లేదు, తిరుగుబాటూ లేదు.

చెప్పే చోటు, వేళ కూడా ముఖ్యం. క్రిస్మస్ వారంలో, చుట్టాల ముందు, కుటుంబ వాట్సాప్ గ్రూపులో, నాన్నకు ఒంట్లో బాగోలేనప్పుడు చెప్పకండి. అమ్మానాన్నలకు విడివిడిగా కాకుండా ఇద్దరికీ కలిపి చెప్పండి. ఒకరికే ముందు చెబితే రెండోవాళ్ల దగ్గర దాచే బరువు వాళ్ల మీద పడుతుంది, తర్వాత ఇద్దరి మధ్యా తగాదా అవుతుంది.

బాప్తిస్మం, కన్ఫర్మేషన్ వేళ

సీఎస్‌ఐ (దక్షిణ ఇండియా సంఘం), లూథరన్, కాథలిక్ సంఘాల్లో పసితనంలోనే జ్ఞానస్నానం అయిపోతుంది. పెద్దయ్యాక కన్ఫర్మేషన్‌లో, కాథలిక్కులైతే భద్రమైన అభ్యంగనంలో, ఆ విశ్వాసాన్ని మీ నోటితో ఒప్పుకుంటారు. బాప్టిస్టు, బ్రదరెన్, పెంతెకొస్తు సంఘాల్లో నమ్మానని మీరే చెప్పాక ముంచి బాప్తిస్మం ఇస్తారు. ఏదైనా సరే, తోటివాళ్లంతా తీసుకుంటున్నారని, బిషప్‌గారు మళ్లీ ఎప్పుడొస్తారో అని తీసుకోకండి. "వచ్చే ఏడు తీసుకుంటాను అయ్యగారూ" అంటే బుద్ధిగల ఏ పాస్టర్‌గారూ నొచ్చుకోరు.

తరచూ జరిగే పొరపాటు ఒకటుంది. పసితనంలో జ్ఞానస్నానం పొందినవాళ్లు కాలేజీలో ఒక యవ్వనస్థుల క్యాంపుకు వెళ్లి, చివరిరోజు సాయంత్రం ఏడ్చి, అక్కడే మళ్లీ బాప్తిస్మం తీసుకుని ఇంటికొస్తారు. ఆ ఏడుపు నిజమే కావచ్చు. కానీ తల్లిదండ్రులకు అది "మీరు చేసింది చెల్లదు" అని ముఖం మీద చెప్పినట్టు వినిపిస్తుంది. అలాంటి కోరిక కలిగితే కనీసం మూడు నెలలు ఆగండి. పాత పాస్టర్‌గారితో ఒకసారి, కొత్తవాళ్లతో ఒకసారి మాట్లాడండి. ఇంట్లో ముందే చెప్పండి. మూడు నెలల్లో ఆవిరైపోయే నిర్ణయమైతే అది ఆ సాయంత్రంది మాత్రమే.

పెళ్లికోసం తీసుకునే బాప్తిస్మం గురించి ఒక్కమాట: వద్దు. పెళ్లికి వారం ముందు నీళ్లలో దిగిన కోడలు, ఆ నీళ్లు ఆరకముందే అత్తింట్లో ఆరాధనకు ఎందుకు రావడం లేదన్న నిలదీత, రెండూ అన్యాయమే. వేర్వేరు మతాలవాళ్ల పెళ్లికి 1954 ప్రత్యేక వివాహ చట్టం ఉంది, 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. ఎవరి మనస్సాక్షినీ నొక్కనక్కర్లేదు. విశ్వాసం లేనివారితో పెళ్లి మీ సంఘం ఒప్పుకుంటుందా, 2 కొరింథీయులకు 6:14 ఏమంటోంది అన్నది వేరే ప్రశ్న, దాన్ని బాప్తిస్మంతో దాటేయకండి.

హిందూ ఇంట్లో పుట్టి క్రీస్తును నమ్మినవాళ్లకు

మీ దారి కష్టం, అందుకే ఇంకా నెమ్మదిగా నడవాలి. 18 ఏళ్లు నిండకపోతే తల్లిదండ్రుల ఒప్పుదల లేకుండా బాప్తిస్మం తీసుకోకండి, ఇస్తామనే పాస్టరు దగ్గరికి వెళ్లకండి. ఆ వయసులో చదువుకోవచ్చు, ప్రార్థించుకోవచ్చు, దేవుడు తొందరపడడు. పెద్దవాళ్లకు మనస్సాక్షి స్వేచ్ఛ రాజ్యాంగం 25వ అధికరణ ఇచ్చిన హక్కు. కొన్ని రాష్ట్రాల్లో మాత్రం ముందస్తు ప్రకటన చట్టాలున్నాయి. ఉద్యోగరీత్యా ఉత్తరప్రదేశ్‌లో ఉన్నవాళ్లయితే అక్కడి 2021 చట్టం ప్రకారం 60 రోజుల ముందు జిల్లా మేజిస్ట్రేటుకు ప్రకటన ఇవ్వాలి. మీరున్న రాష్ట్రం సంగతి ఒక న్యాయవాదిని అడిగి తెలుసుకోండి.

ఇంట్లో ఏది చేయాలి, ఏది మానాలి అన్నదానికి బైబిల్లో రెండు ఉదాహరణలు పక్కపక్కన పెట్టుకోవాలి. గిద్యోను తన తండ్రికున్న, బయలు అనే దేవుడి బలిపీఠాన్ని పడగొట్టాడు, అదీ ఇంటివాళ్లకు భయపడి రాత్రిపూట. అది ఇశ్రాయేలులో, దేవుడు నేరుగా ఆజ్ఞాపించిన పని. సిరియా సేనాధిపతి, అన్యుడైన నయమాను మాత్రం, ఇకమీదట యెహోవాకు తప్ప ఎవరికీ బలి అర్పించనని చెప్పి, "మా రాజు రిమ్మోను గుడిలో నా చేతిమీద ఆనుకుని మొక్కేటప్పుడు నేనూ వంగాల్సి వస్తుంది, క్షమించాలి" అన్నాడు. ప్రవక్త ఎలీషా "సమాధానంగా వెళ్లు" అన్నాడు (2 రాజులు 5). ఇంట్లో దేవుడి పటాలు తీసేసే హక్కు మీకు లేదు, అది మీ అమ్మగారి ఇల్లు. పూజగది ఊడ్చమంటే ఊడ్చండి. దీపం పెట్టి మొక్కమంటే మీ వల్ల కాదని చెప్పండి. అమ్మానాన్నల దేవుళ్లను ఎగతాళి చేయడం, పక్కవాళ్ల ముందు "దయ్యాలు" అనడం క్రైస్తవ సాక్ష్యం కాదు. నిరీక్షణకు కారణం అడిగినవాళ్లకు సాత్వికంతో, భయంతో చెప్పమని పేతురు రాశాడు.

బొట్టు, గాజులు, మంగళసూత్రం సంగతి వస్తే మీ కొత్త సంఘం నియమాన్ని నోటుపుస్తకంలో ఏ భాగంలో వేయాలో మళ్లీ చూసుకోండి. అమ్మ గుండె పగిలేలా బొట్టు తుడిచేయడమే మొదటి సాక్ష్యం కానక్కర్లేదు.

అన్నిటికంటే గాయం చేసేది చావు ఇంట్లో జరిగే గొడవ. తండ్రి పోయాక, శవం ఇంట్లో ఉండగా, పెద్దకొడుకు తలకొరివి పెట్టనంటాడు. బంధువులు కొట్టినంత పని చేస్తారు, తల్లికి రెండు దుఃఖాలు. ఈ మాట తండ్రి బతికి ఉండగానే, ఆరోగ్యంగా ఉన్నప్పుడే తేల్చుకోవాలి. ఏం చేయలేరో ఒక్కమాటలో చెప్పి, ఏం చేస్తారో ఎక్కువ చెప్పండి: పాడె మోస్తాను, ఖర్చంతా నేనే పెడతాను, పెద్దకర్మ అయ్యేదాకా అమ్మను వదలను, వచ్చినవాళ్లకు భోజనాలు నేనే చూస్తాను. పిండం పెట్టే పని తమ్ముడో, బాబాయి కొడుకో చేయడానికి వాళ్లతో ముందే మాట్లాడి ఒప్పించండి. కొందరు చితికి నిప్పు పెట్టడాన్ని అంత్యక్రియగా మాత్రమే చూసి తామే చేసి, పిండప్రదానం ఇతరులకు వదులుతారు. అది మీ మనస్సాక్షి, మీ పాస్టర్‌గారి సలహా చూసి తేల్చుకోవాల్సింది. కానీ ఆ రోజు పొద్దున కొత్తగా మొదలుపెట్టే చర్చ మాత్రం కాదు.

ఇంట్లో కొడతారన్న భయం ఉంటే ఒంటరిగా చెప్పకండి. ముందు సురక్షితమైన చోటు, నమ్మకమైన పెద్దమనిషి చూసుకోండి. ఆడపిల్లలకు 181, ఎవరికైనా 112 ఉన్నాయి.

కాగితాల సంగతి దాచకుండా

1950 షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు మూడో పేరా ప్రకారం హిందువులు, 1956 నుంచి సిక్కులు, 1990 నుంచి బౌద్ధులు మాత్రమే ఎస్సీలుగా లెక్క. ఎస్సీ నుంచి క్రైస్తవులైనవాళ్లు, వాళ్ల పిల్లలు ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో బీసీ-సీ, రిజర్వేషన్ ఒక శాతం. బాప్తిస్మం తీసుకునేముందు ఇది తెలిసి తీసుకోవాలి. గోపురం కట్టబోయేవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్క చూసుకుంటాడని యేసు చెప్పింది ఇలాంటి సందర్భాలకే. వారసత్వం విషయంలో, హిందూ వారసత్వ చట్టం 1956 ప్రకారం మతం మారినంత మాత్రాన మీ వాటా పోదు. అయితే మారాక పుట్టిన మీ పిల్లలు, వారసత్వం తెరుచుకునే నాటికి హిందువులు కాకపోతే, హిందూ బంధువుల ఆస్తికి నేరుగా వారసులు కాలేరని 26వ సెక్షన్ చెబుతుంది.

సర్టిఫికెట్‌లో ఒక మతం, చర్చిలో ఒక మతం ఉంచుకుని బతుకుతున్న కుటుంబాలు మన చుట్టూ ఉన్నాయి. వాళ్లను నిందించేముందు ఆ చట్టం పెట్టిన ఇరకాటం చూడాలి. మతం మారినా అంటరానితనం ఊళ్లో అలాగే ఉంటుంది, చట్టం ఎస్సీలకు ఇచ్చే రక్షణ మాత్రం పోతుంది. 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ ఎస్సీ హోదాను మతంతో ముడిపెట్టవద్దని సిఫారసు చేసింది. దానికోసం పోరాడటం న్యాయం. కానీ తప్పుడు ప్రకటన మీద విశ్వాస జీవితం మొదలుపెట్టమని ఏ పాస్టరూ సలహా ఇవ్వకూడదు. పదేళ్ల తర్వాత ఉద్యోగం పోయే ప్రమాదం ఆ పిల్లాడిదే, సలహా ఇచ్చినవాళ్లది కాదు.

చదివాక కూడా నమ్మలేకపోతే, అమ్మానాన్నలు ఏం చేయాలి

మూడు నెలలూ అయ్యాయి, నిజాయితీగా చదివారు, అయినా నమ్మకం కుదరలేదు. అలాంటప్పుడు నటించకండి. ఇంటివాళ్లకు చెప్పండి, గౌరవం తగ్గించకండి, తలుపు మూసేయకండి. ఆ నోటుపుస్తకం పారేయకండి. అంచుల్లో పెట్టిన ప్రశ్నార్థకాల్లో కొన్నిటికి పిల్లలు పుట్టాకో, ఎవరినైనా పోగొట్టుకున్నాకో తిరిగి వెళ్తారు.

తల్లిదండ్రులకు చెప్పాల్సింది ఇది. "మా పరువు ఏం కావాలి", "సంఘంలో తలెత్తుకోలేం" అన్న మాటలు ఆ పూట నోట్లోంచి రానివ్వకండి. పిల్లలు వినేది ఒక్కటే, మీకు దేవుడి కన్నా సంఘం ముఖ్యమని. ఫీజు ఆపేస్తామని, పెళ్లి చేయబోమని బెదిరించకండి. లూకా 15లో తండ్రి ఆస్తి పంచి ఇచ్చి మరీ పంపాడు, వచ్చేవరకూ దారి చూశాడు. సందేహపడేవాళ్ల మీద కనికరం చూపమని యూదా పత్రిక 22వ వచనం. కుటుంబ ప్రార్థన గంటన్నర ఉంటే పదిహేను నిమిషాలకు తగ్గించండి, ఒక పాట, పది వచనాలు, ఒక్కొక్కరు ఒక్క ప్రార్థన. అందులో పిల్లల తప్పులను దేవుడికి చెబుతున్నట్టు పిల్లలకు వినిపించకండి. ఈ ఒక్క అలవాటు వల్ల ప్రార్థన మీద విరక్తి పెంచుకున్న పిల్లలు ఎంతోమంది.

డాలస్‌లోనో మెల్‌బోర్న్‌లోనో తెలుగు సంఘానికి వెళ్లే కుటుంబాలకు ఇంకో చిక్కు. పిల్లలకు ప్రసంగం సగం అర్థం కాదు, అర్థం కానిదాన్ని నమ్మలేరు. నెలలో మూడు ఆదివారాలు వాళ్లకు తెలిసిన భాషలో జరిగే ఆరాధనకు వెళ్లనిచ్చి, ఒక ఆదివారం మీతో తెలుగు ఆరాధనకు రమ్మనండి. తెలుగు నేర్పడం, విశ్వాసం నేర్పడం రెండు వేర్వేరు పనులుగా పెట్టుకోండి.

"ఈ శాసనాలు ఏమిటి?" అని నీ కొడుకు అడిగినప్పుడు ఏం చెప్పాలో ద్వితీయోపదేశకాండము 6:20 నుంచి రాసి ఉంది. మనం ఐగుప్తులో దాసులుగా ఉన్నాం, దేవుడు బయటికి తెచ్చాడు అని జరిగింది జరిగినట్టు చెప్పమంటుంది. మీ జీవితంలో దేవుడు చేసింది ఏమిటో, ఏ ఏడు, ఏ ఊళ్లో, అప్పుడు ఇంట్లో ఎవరెవరున్నారో ఈ వారమే ఒక పేజీలో రాసి పెట్టుకోండి. పిల్లలు అడిగిన రోజు వెతుక్కోకుండా చెప్పడానికి.